పరీక్ష బాబుది, భయం మీది

ప్రశ్న: ఏడాది క్రితం హైదరాబాదు నుంచి డాలస్ వచ్చాం. బాబు ఎనిమిదో తరగతి. అమెరికా తొలినాటి చరిత్ర, ప్రభుత్వం మీద రాష్ట్ర పరీక్ష దగ్గరపడింది. ఇక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచి చదివింది మావాడు ఎలా అందుకుంటాడు? ఫ్లాష్ కార్డులు బట్టీ పట్టించాలా, పుస్తకమంతా చదివించాలా? ఎలాగూ కంప్యూటర్ సైన్సే చేస్తాడు కదా, ఆ సమయం ఏఐ కోర్సుకు పెడితే నయమేమో?

జవాబు: ముందు కాస్త ఊపిరి తీసుకోండి. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్ష మార్కు చూసి ఏ కాలేజీ సీటిచ్చేదీ లేదు, కాదనేదీ లేదు.

పైగా మీవాడు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. 1787లో అమెరికా రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో కూర్చున్నప్పుడు పెద్ద రాష్ట్రాలు జనాభా లెక్కన ప్రాతినిధ్యం అడిగాయి, చిన్నవి సమానంగా కావాలన్నాయి. చివరికి ప్రతినిధుల సభ జనాభా ప్రకారం, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున రాజీ కుదిరింది. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలు, తెలంగాణకు 7. ఎందుకీ తేడా అని వాడినే అడగండి. రాజ్యాంగం విడిగా పేర్కొనని అధికారాలు మన దగ్గర కేంద్రానివి. అమెరికాలో రాజ్యాంగపు పదో సవరణ వాటిని రాష్ట్రాలకు, ప్రజలకు వదిలేసింది. హైదరాబాదులో పౌరశాస్త్రం చదివిన పిల్లవాడికి ఈ పోలిక చేతిలో ఉంది. పక్క బెంచీ పిల్లలకు లేదు.

కార్డులా, పుస్తకమా అన్నారు. సవరణల అంకెలకు, కోర్టు తీర్పులకు కార్డులు చాలు. మిగతాది గొలుసుగా పట్టుకోవాలి. 1763లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసి బ్రిటన్ అప్పుల్లో పడింది, ఆ భారం పన్నులుగా దాని అమెరికా వలసల మీద పడింది, 1776లో తెగతెంపులు. రాజుతో విసిగినవాళ్లు పన్ను వేసే అధికారం కూడా లేని బలహీన ప్రభుత్వాన్ని పెట్టుకున్నారు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు తిరగబడితే సైన్యాన్ని పంపే స్తోమత దానికి లేకపోయింది. అందుకే మరుసటి ఏడు ఫిలడెల్ఫియా. బానిసలను ఐదుగురికి ముగ్గురుగా లెక్కగట్టిన రాజీ గురించి కూడా వాడు అడుగుతాడు. దాటవేయకండి.

ఇక ఏఐ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. పదమూడేళ్ల పిల్లలకు నేర్పుతున్న పరికరాలు వాళ్లు కాలేజీకి వెళ్లేసరికి ఏ రూపంలో ఉంటాయో అమ్మేవాళ్లకే తెలియదు. మనవాళ్ల పిల్లల దరఖాస్తులు చూస్తుంటాను: అదే కోడింగ్ శిబిరం, అదే రోబో పోటీ, అదే ధ్రువపత్రం. పేర్లు తీసేస్తే ఎవరిది ఏదో చెప్పలేం. వాటిలో ఒక వాదన చదివి, అది ఎవరికి లాభమో రెండు పేరాల్లో రాయగలవాళ్లు అరుదు. చరిత్ర తరగతి ఆ పనే నేర్పుతుంది, అదీ ఉచితంగా. వాడికి కోడింగ్ నిజంగా ఇష్టమైతే చేయనివ్వండి. మీ కంగారు తీర్చడానికి మాత్రం వద్దు.

కటువుగానే చెబుతున్నాను: ఈ చరిత్ర అక్కరలేదని ఇంట్లో తండ్రే తేల్చేస్తే, బడిలో టీచరు మాట వాడి చెవికెక్కదు. వాడు ఏ చదువు చదవాలో ఎనిమిదో తరగతిలోనే నిర్ణయించేసింది కూడా మీరే. రేపు మీరు పౌరసత్వానికి దరఖాస్తు పెడితే దాదాపు ఇవే ప్రశ్నలు మిమ్మల్నీ అడుగుతారు. కాబట్టి ఈ ఆదివారం ఆ రైతులు ఎందుకు తిరగబడ్డారో మీకు వివరించమనండి. మధ్యలో దిద్దకండి, మీకు ఎటూ తెలియదు కదా.