లాటిన్ మొదలుపెడతానన్న బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

వాడుక తప్పిన చట్టాల మీద థీసిస్ రాస్తున్నావనీ, అందుకోసం ఈ వేసవిలో లాటిన్ మొదలుపెడతావనీ మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఇంట్లో నన్ను లాటిన్ మాట అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఒక పక్క సంతోషం, ఇంకో పక్క ఉద్యోగం వెతుక్కోవలసిన వేళ ఈ పిల్లకిదేం పిచ్చి అని టెన్షన్.

రోజుకో గంట చదువు. విభక్తులు పైకి చదివి నోటికి పట్టు. ఫోన్ యాప్‌ని నమ్ముకోకు. మేం చర్చి ఉచ్చారణతో నేర్చుకున్నాం, నీ పుస్తకంలో వేరేగా ఉంటుంది, కంగారుపడకు.

నువ్వు పంపిన లాటిన్ మాటల పట్టీ చూశాను. అన్ని మాటలకూ కలిపి 'పాతబడు', 'వదిలేయు' అని రెండే అర్థాలు రాశావు. ఇదేం బద్ధకమమ్మా? సెనెస్కో అంటే ముసలితనం పైబడటం. తరిగే చంద్రుడికీ రోమన్లు అదే మాట వాడారు. ఇన్వెటెరాస్కో కూడా పాతబడటమే, కానీ రోగం ముదిరిందంటామే, ఆ ముదరడం. పాతబడేకొద్దీ పాతుకుపోతుంది. ఒబ్సొలేటుస్ అని మాసి నలిగిన బట్టనూ అంటారు. అంటీక్వో మరీ తమాషా. కొత్త చట్టం వద్దనుకున్న రోమన్ పౌరుడు అంటీక్వోకు గుర్తుగా 'ఎ' (A) అక్షరమున్న ఓటు పలక వేసేవాడు, పాతదే ఉండనీ అని.

డెసువెటూడో, అంటే వాడుక తప్పడం గురించి నీకు నేను చెప్పేదేముంది? జనం నోరెత్తకుండా మానేసినా చట్టం రద్దవుతుందని రోమన్ న్యాయవేత్త జూలియానుస్ అన్న ముక్క, జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన న్యాయగ్రంథం డైజెస్ట్ మొదటి పుస్తకంలోనే ఉంది. మూలంలో చదువు.

డెరెలింక్వో దగ్గర మాత్రం ఆగు.

నేను ఫాదర్ అవుదామని సెమినరీలో చేరింది 1960లో, పదహారో ఏట. అప్పుడు పూజ లాటిన్‌లోనే. 1965లో నాన్న పోయారు. ఇద్దరు చెల్లెళ్లు, మెడ మీద అప్పు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. అటు పూజ కూడా తెలుగులోకి మారుతోంది. ఆ ఉక్రోషంలో మా లాటిన్ గురువుగారికి కార్డు రాశాను, గొప్పగా లాటిన్‌లోనే: 'లింగ్వామ్ లాటీనామ్ డెరెలీక్వి'. లాటిన్‌ని వదిలేశాను అని. కొన్నాళ్లకు నా కార్డే కవర్లో తిరిగొచ్చింది. డెరెలీక్వి కొట్టేసి, పైన ఎర్రసిరాతో 'యేచి' అని ఉంది. విసిరాను అని అర్థం. కింద ఒక్క లైను: 'జస్టీనియన్ ఇన్‌స్టిట్యూట్స్, రెండో పుస్తకం, ఓడ సంగతి చూడు.'

నాన్న పోయి నేనేడుస్తుంటే ఈయన వ్యాకరణం దిద్దుతాడా అని ఒళ్లు మండింది. జవాబు రాయలేదు. ఆయన చూడమన్నదీ చూడలేదు.

పాతికేళ్లు గడిచాక, ఏదో పని మీద ఒక లా కాలేజీ లైబ్రరీకి వెళితే ఆ ఇన్‌స్టిట్యూట్స్ అనే రోమన్ న్యాయ పుస్తకం కంటపడింది. ఇక ఇది నాది కాదనుకుని యజమాని పారేస్తేనే ఆ వస్తువు డెరెలిక్ట్, దొరికినవాడిది. తుఫానులో ఓడ బరువు తగ్గించడానికి సముద్రంలోకి విసిరిన సరుకు మాత్రం విసిరినవాడిదే. వద్దనుకుని విసరలేదు కదా, గండం గట్టెక్కడానికి విసిరాడు. అలలు ఒడ్డుకు తెచ్చినా సరే, లాభానికని ఎత్తుకుపోయినవాడు దొంగ.

అక్కడే కూర్చుండిపోయాను. అప్పటికి గురువుగారు తమ దేశం వెళ్లి, కన్నుమూసి చాలా కాలమైంది.

అందుకే చెబుతున్నా, నీ థీసిస్‌లో ఫలానా చట్టాన్ని జనం వదిలేశారని రాసేముందు, వద్దనుకుని వదిలారా, గత్యంతరం లేక పక్కన పెట్టారా అని చూడు. రెంటికీ ఒకే మాట రాశావో, నేనూ ఎర్రసిరా తీస్తాను.

కీర్తనల్లో ఒక ముసలివాడి మొర ఉంటుంది. ముసలితనంలో నన్ను పారెయ్యకు, బలం ఉడిగినప్పుడు 'నే డెరెలింక్వాస్ మే' అని. ఈ మధ్య దాన్ని తరచుగా చదువుతున్నాను. మీ అమ్మకు చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది.

నా డిక్షనరీ ఇంకా ఆ ట్రంకుపెట్టెలోనే ఉంది. ఎస్ దగ్గర చెదలు తినేశాయి, సెనెస్కో పోయింది. డి పేజీలు బాగానే ఉన్నాయి. పోస్టులో పంపను, పాడవుతుంది. వచ్చే నెల నాకు కంటి ఆపరేషన్. ఆ లోపే ఒకసారి వచ్చి తీసుకెళ్లు.

మీ తాతయ్య