పొలంలో ఉన్న మనిషి లొకేషన్‌ను మొబైల్ బ్రౌజర్ ఎంతవరకు చెప్పగలదు?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. మీ సంస్థలోని 40 మంది ఫీల్డ్ సిబ్బంది రైతుల పొలాలకు వెళ్తారు; వారి కోసం ప్లే స్టోర్ యాప్ కాకుండా మొబైల్ బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీని తయారు చేశారు; అందులో ‘చేరుకున్నాను’ అనే బటన్ నొక్కితే లొకేషన్ నమోదవుతుంది. కొందరికి ఆ గుర్తు పొలం మీదనే పడుతోంది, మరికొందరికి రెండు కిలోమీటర్ల అవతల పడుతోంది. దీన్ని ఎలా సరిచేయాలి, ఇదే పేజీతో వారు రోజంతా తిరిగిన దారిని కూడా నమోదు చేయవచ్చా అని అడిగారు. అనంతపురం జిల్లాలో చీనీ తోటలకు డ్రిప్ పరికరాల సర్వీసు చేసే సిబ్బంది కోసం ఇటువంటి పేజీనే తయారు చేసి మూడేళ్లు నిర్వహించాను. అక్కడ తెలుసుకున్నదే రాస్తున్నాను.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు దానిని చెబుతాను. రోజంతా దారిని నమోదు చేయడం బ్రౌజర్‌తో కాదు. స్క్రీన్ ఆగిపోయినా, సిబ్బంది ఫోన్ కాల్ కోసం వేరే యాప్‌లోకి వెళ్లినా, పేజీకి లొకేషన్ అందడం నిలిచిపోతుంది. స్క్రీన్ ఆరిపోకుండా ఆపే వేక్ లాక్ సదుపాయం ఉన్నా, అది పేజీ కళ్లెదుట తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఫోన్‌ను జేబులో పెట్టుకుని బండి నడిపే మనిషికి దానివల్ల ఉపయోగం లేదు. దారి మొత్తం నిజంగా అవసరమైతే, తెర మీద లేనప్పుడు కూడా లొకేషన్ తీసే బ్యాక్‌గ్రౌండ్ అనుమతి ఉన్న నేటివ్ యాప్, అంటే ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే యాప్ కావాలి. నా అనుభవంలో మాత్రం పొలానికి చేరిన చోటు, బయలుదేరిన చోటు తెలిస్తే పనికి సరిపోయింది.

ఇక మొదటి ప్రశ్న. మీకు కనబడుతున్న రెండు కిలోమీటర్ల తేడా మాకూ వచ్చింది. నేను తయారు చేసిన మొదటి రూపంలో అక్షాంశం, రేఖాంశం మాత్రమే డేటాబేస్‌లో దాచాను. పుట్లూరు వైపు తోటలు చూసే ఒక ఉద్యోగి గుర్తులు నెలంతా పొలాలకు దూరంగా పడ్డాయి. సంస్థ లెక్కల విభాగం అతని ప్రయాణ భత్యం నిలిపివేసింది. అతను ప్రతి తోటకూ వెళ్లానని చెబుతూనే ఉన్నాడు, రైతులూ అదే మాట చెప్పారు. ఫోన్ తెప్పించి చూస్తే, బ్రౌజర్‌కు ఇచ్చిన లొకేషన్ అనుమతిలో ‘ఖచ్చితమైన లొకేషన్’ ఆఫ్ చేసి ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అనుమతి అడిగే పెట్టెలోనే ఖచ్చితమైనది, సుమారుగా అనే రెండు ఎంపికలు వస్తాయి; అతను మొదటి రోజు రెండోదాన్ని తాకాడు. సుమారు లొకేషన్ అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఎక్కడో ఉన్నట్లు మాత్రమే అని ఆండ్రాయిడ్ సొంత వివరణే చెబుతోంది. ఐఫోన్‌లో కూడా ఐఓఎస్ 14 నుంచి ఇటువంటి మీట ఉంది.

బ్రౌజర్ ప్రతి లొకేషన్‌తో పాటు ‘అక్యురసీ’ అనే విలువను, అంటే ఆ గుర్తు ఎంత దూరం తప్పు కావచ్చో, మీటర్లలో ఇస్తుంది. దాన్ని మేము దాచి ఉంటే, 2000 అనే అంకె చూసిన మొదటి రోజే విషయం తెలిసిపోయేది. ఆ అంకెను వదిలేసింది నేను, భత్యం పోయింది అతనిది. రెండు నెలల తరువాత ఆ డబ్బు అతనికి తిరిగి వచ్చింది. అందువల్ల మీకు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: లొకేషన్‌ను మ్యాప్ మీద ఒక చుక్కగా భావించకండి, అక్యురసీ వ్యాసార్థంగా ఉన్న ఒక వృత్తంగా భావించండి. అక్షాంశం, రేఖాంశం, అక్యురసీ, లొకేషన్ తీసిన సమయం, ఈ నాలుగూ ఒకే నమోదులో కలిసి ఉండాలి.

ఆ వృత్తాన్ని కూడా కొంత జాగ్రత్తగానే చదవాలి. మనిషి ఆ పరిధిలో ఉండే అవకాశం 95 శాతం అని వెబ్ ప్రమాణం నిర్వచిస్తుంది. ఆండ్రాయిడ్ తన అక్యురసీని 68 శాతానికి నిర్వచించుకుంది. ఈ తేడా వల్ల నేను పొలం దూరాన్ని పరీక్షించేటప్పుడు ఆ విలువను రెట్టింపు చేసి వాడతాను. వృత్తం పొలాన్ని తాకితే ఆ సందర్శనను అంగీకరిస్తాను. వృత్తం చాలా పెద్దదైతే అంగీకరించను, తిరస్కరించను. ‘నిర్ధారణ కాలేదు’ అని రాస్తాను. అవును, కాదు అనే రెండు గడులతో పాటు ఈ మూడో గడి లేకపోతే సాంకేతిక లోపాలన్నీ మనుషుల తప్పులుగా నమోదవుతాయి.

మన రిజిస్టర్‌లోని లొకేషన్ ఎంతవరకు సరైనదో కూడా చూడండి. మా దగ్గర చాలామంది రైతుల ‘పొలం లొకేషన్’ దరఖాస్తు నింపిన రోజు ఊళ్లో వారి ఇంటి అరుగు మీద తీసినది. మరికొన్ని బోరు దగ్గర తీసినవి. బోరు తోటకు ఒక మూలన ఉంటుంది. పదెకరాల తోట చతురస్రంగా ఉందనుకున్నా ఒక్కో వైపు సుమారు 200 మీటర్లు, మూల నుంచి మూలకు 280 మీటర్లకు పైగా వస్తుంది. బోరు నుంచి 100 మీటర్ల హద్దు గీస్తే, అవతలి మూలలో లేటరల్ పైపు (మొక్కల వరుస వెంట వేసే డ్రిప్ పైపు) సరిచేస్తున్న మనిషి తోటలో ఉండి కూడా లేనట్లే. మేము తరువాత తోట నాలుగు మూలలనూ నడిచి గుర్తించి, హద్దును ఆ మూలలను కలిపే బహుభుజిగా దాచాము. దానికి ఒక సీజన్ పట్టింది, కానీ ఫిర్యాదులు ఎక్కువగా తగ్గింది ఆ పనితోనే.

కోడ్ విషయానికి వస్తే, లొకేషన్‌ను ఒక్కసారి అడిగే గెట్ కరెంట్ పొజిషన్ అనే బ్రౌజర్ పిలుపును వాడి వచ్చిన మొదటి జవాబును తీసుకోవడం పొరపాటు. మొదటి జవాబు తరచుగా టవర్ లేదా వైఫై ఆధారంగా వచ్చిన స్థూలమైన అంచనా. దానికి బదులు, లొకేషన్‌ను వరుసగా ఇస్తూ ఉండే వాచ్ పొజిషన్‌ను మొదలుపెట్టి, వీలైనంత ఖచ్చితంగా ఇవ్వమని అడిగే ఎనేబుల్ హై అక్యురసీని ఆన్ చేసి, వచ్చే విలువల్లో అక్యురసీ అంకె అతి తక్కువగా ఉన్నదాన్ని ఉంచుకోండి. అది 25 మీటర్ల లోపుకు వచ్చినా, ఒకటిన్నర నిమిషం గడిచినా వాచ్‌ను ఆపేయండి. లేకపోతే బ్యాటరీ వృథాగా ఖర్చవుతుంది. ఈలోగా తెరపై ‘ప్రస్తుతం 140 మీటర్లు, ఇంకా మెరుగవుతోంది’ అని తెలుగులో చూపించండి. కారణం కనబడితే చెట్టు నీడ నుంచి గట్టు మీదికి వచ్చి నిలబడేవారిని నేను చూశాను. చక్రం మాత్రమే తిరుగుతుంటే బటన్‌ను పదిసార్లు నొక్కేవారిని కూడా చూశాను.

టైమవుట్ విలువను, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో, మీరే ఇవ్వాలి, ఎందుకంటే ఇవ్వకపోతే నిరీక్షణకు హద్దు ఉండదు. అలాగని పది సెకన్లు పెట్టకండి. జీపీఎస్ పనిచేయడానికి మొబైల్ సిగ్నల్ అవసరం లేదు, కానీ సిగ్నల్ ఉంటే ఉపగ్రహాల కక్ష్య వివరాలు నెట్ ద్వారా త్వరగా అందుతాయి. సిగ్నల్ లేని ఊళ్లో, ఫోన్‌లో పాత వివరాలు కూడా లేకపోతే, వాటిని ఉపగ్రహం నుంచే అందుకోవాలి. జీపీఎస్ ఉపగ్రహం ఆ వివరాలను ప్రతి 30 సెకన్లకు ఒకసారి తిరిగి ప్రసారం చేస్తుంది. మధ్యలో ఒక భాగం చెట్ల వల్ల తప్పిపోతే తరువాతి ప్రసారం దాకా ఆగాలి. పది సెకన్ల టైమవుట్ పెట్టినప్పుడు మా పేజీ ఎక్కువగా విఫలమైంది సరిగ్గా అటువంటి ఊళ్లలోనే. 90 సెకన్లకు మార్చాక ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. ఎంత పాత లొకేషన్‌ను అంగీకరించాలో చెప్పే మాగ్జిమమ్ ఏజ్‌ను సున్నాగా ఉంచండి, లేకపోతే వెనకటి ఊరి లొకేషన్‌నే ఫోన్ మళ్లీ అందించవచ్చు.

అనుమతి అడిగే తీరు కూడా ముఖ్యమే. పేజీ తెరుచుకోగానే అడిగితే, ఎందుకో తెలియని మనిషి ‘బ్లాక్’ నొక్కుతాడు, ఆ తరువాత పేజీ తనంతట తాను మళ్లీ అడగలేదు. ముందు ఒక వాక్యంలో కారణం చెప్పి, అతను బటన్ నొక్కినప్పుడే అడగండి. అయినా రాకపోతే మూడు చోట్ల చూడాలి: ఫోన్ లొకేషన్ మీట, బ్రౌజర్‌కు ఫోన్ ఇచ్చిన అనుమతి, మీ సైట్‌కు బ్రౌజర్ ఇచ్చిన అనుమతి. ఈ మూడింటి చిత్రాలతో ఒక పేజీ తయారు చేస్తే మీ హెల్ప్‌లైన్‌కు సగం పని తప్పుతుంది. లొకేషన్ అడిగే సైట్ హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) మీద ఉండాలన్న నియమం మీకు తెలిసే ఉంటుంది; క్రోమ్‌లో అది 2016 నుంచి ఉంది.

సిగ్నల్ లేని చోట నమోదును ఇండెక్స్‌డ్ డీబీలో (ఫోన్‌లోనే ఉండే బ్రౌజర్ నిల్వలో) దాచి, సిగ్నల్ వచ్చాక పంపండి. లొకేషన్ తీసిన సమయాన్ని, సర్వర్‌కు అందిన సమయాన్ని వేర్వేరుగా ఉంచండి. మధ్యాహ్నం తోటలో తీసినది రాత్రి తాడిపత్రిలో సర్వర్‌కు చేరితే, అతను రాత్రి నమోదు చేశాడని ఎవరూ అనుకోకూడదు. ఐఫోన్ వాడేవారు ఉంటే పేజీని హోమ్ స్క్రీన్ మీదికి చేర్చుకోమనండి. అలా చేర్చుకోకుండా వారం రోజులు సైట్‌ను వాడకపోతే, ఐఫోన్ బ్రౌజర్ సఫారీ దాని నిల్వను తొలగించగలదు.

దొంగ లొకేషన్ చూపే యాప్‌లను పసిగట్టే మార్గం బ్రౌజర్‌లో లేదు. లొకేషన్ దొంగదని నేటివ్ యాప్‌కు ఆండ్రాయిడ్ ఇచ్చే సూచన వెబ్ పేజీకి అందదు. అందుకే మేము లొకేషన్‌తో పాటు డ్రిప్ ఫిల్టర్ దగ్గరి ప్రెషర్ గేజ్ (నీటి ఒత్తిడి చూపే మీటర్) రీడింగ్, దాని ఫోటో అడిగాము. అవి సర్వీసు పనికి ఎలాగూ అవసరమైనవే, పైగా తోటకు వెళ్లకుండా రాయడం కష్టమైనవి.

చివరిగా, సేకరణకు హద్దు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఉద్యోగ అవసరాలకు కొంత వెసులుబాటు ఇస్తుంది, కానీ దాన్ని సాకుగా చేసుకుని సాయంత్రం ఇంటికి చేరిన మనిషి లొకేషన్ కూడా తీయడం నాకు సమ్మతం కాదు. మా పేజీలో బటన్ నొక్కితే తప్ప ఏదీ నమోదు కాదు. ప్రతి ఉద్యోగీ తన నమోదులన్నీ మ్యాప్ మీద చూసుకోవచ్చు, ‘నిర్ధారణ కాలేదు’ అని ఉన్న ప్రతిదాని పక్కన తన వివరణ రాయవచ్చు. ఆ వివరణ చదివిన తరువాతే భత్యం లెక్క కట్టాలని సంస్థతో రాతపూర్వకంగా ఒప్పించాము. మీరు ఈ పేజీని మిగతా వారికి ఇచ్చేముందు ఆ ఒప్పందం చేసుకోండి.