చంద్రుడి దగ్గర జీపీఎస్: సంకేతం బలం కన్నా పెద్ద చిక్కు

చంద్రుడి చుట్టూ తిరిగే నౌకకు జీపీఎస్ అందుతుందా, సంకేతం బలహీనపడడమే అసలు అడ్డంకా అని మీరు అడిగారు. సంకేతం అందుతుంది. 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్ చంద్రుడి మీద మేర్ క్రిసియం అనే మైదానంలో దిగిన తరువాత, దాని మీదున్న నాసా, ఇటలీ అంతరిక్ష సంస్థల లూగ్రే రిసీవర్ జీపీఎస్ సంకేతాలతో, ఐరోపా వారి అటువంటి వ్యవస్థ గెలీలియో సంకేతాలతో తన స్థానాన్ని లెక్కగట్టింది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉండి యాంటెన్నాలను భూమి వైపే తిప్పి ఉంచుతాయి కాబట్టి, చంద్రుడి దాకా వచ్చేది ప్రధానంగా భూమికి అవతలి వైపున్న ఉపగ్రహాల నుంచి భూమి అంచు దాటి చిందే సంకేతమూ, సైడ్ లోబ్‌ల నుంచి, అంటే యాంటెన్నా ప్రధాన పుంజం పక్కలకు కారే బలహీన పుంజాల నుంచి, వచ్చే సంకేతమూ మాత్రమే. దూరం ఒక్కదానివల్లే దాని బలం నేల మీద అందేదానిలో సుమారు మూడు వందల్లో ఒక వంతుకు పడిపోతుంది. అయినా భూమి వైపు గురిపెట్టిన మంచి యాంటెన్నా, ఎక్కువసేపు సంకేతాన్ని కూడబెట్టే రిసీవర్ ఉంటే ఈ సమస్యను చాలావరకు దాటవచ్చు.

ఇటువంటి రిసీవర్లకు సిమ్యులేషన్లు రాసే పనిలో నన్ను ఎక్కువగా సతాయించింది జ్యామితి. చంద్రుడి నుంచి చూస్తే ఆ ఉపగ్రహాలన్నీ భూమి చుట్టూ దాదాపు 8 డిగ్రీల వెడల్పులోనే గుమిగూడి ఉంటాయి. సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టే రిసీవర్ ఒక్కో ఉపగ్రహం దూరాన్ని లెక్కగడుతుంది. నౌక భూమికి కాస్త దూరం జరిగినా, రిసీవర్ గడియారం కాస్త తప్పినా కొలిచిన దూరాలన్నీ దాదాపు ఒకే మేరకు పెరుగుతాయి కనుక, ఆ రెండింటిలో ఏది జరిగిందో సమీకరణాలు తేల్చలేవు. గడియారంలో ఒక మైక్రోసెకను తేడా అంటే 300 మీటర్లు. తెరమీద గీసి చూస్తే పొరపాటు పరిధి గోళంలా కాక, భూమి వైపు సాగిన సన్నని సూదిలా కనబడుతుంది. అడ్డంగా వందల మీటర్ల లోపున్నా పొడవున కిలోమీటర్లకు పోతుంది.

స్థానపు మూడు కొలతలు, గడియారం తేడా కలిపి తెలియనివి నాలుగు కాబట్టి మామూలుగా నాలుగు ఉపగ్రహాలు కావాలి. కానీ పై చిక్కువల్ల, నాలుగు ఉపగ్రహాలు దొరికిన ప్రతిసారీ విడిగా స్థానం సాధించే పద్ధతిని నేను సిఫారసు చేయను. చంద్రుడి గురుత్వాకర్షణ నమూనాతో నడిచే కాల్మన్ ఫిల్టర్‌కు, అంటే పాత అంచనాను కొత్త కొలతలతో అప్పటికప్పుడు సరిదిద్దుకుంటూ పోయే లెక్క పద్ధతికి, ముడి కొలతలను నేరుగా ఇస్తే, నాలుగుకన్నా తక్కువ ఉపగ్రహాలు కనబడినప్పుడు కూడా అవి ఉపయోగపడతాయి. నౌక కక్ష్యలో కదులుతున్న కొద్దీ ఆ సూది పొట్టిదవుతుంది. దానికి స్థిరమైన గడియారం తోడైతే ఫలితం ఇంకా బాగుంటుంది, ఖర్చు పెట్టగలిగితే ముందు దాని మీదే పెట్టమంటాను. భూమి అంచును రాసుకుంటూ వచ్చే సంకేతాలు అయనోస్ఫియర్‌లో, అంటే సంకేతాన్ని ఆలస్యం చేసే విద్యుదావేశిత పైపొరలో, ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి గనుక వాటిని పక్కన పెట్టడమే మేలు.

భూమి కనబడని చంద్రుడి అవతలి వైపు మాత్రం ఇవేవీ పనిచేయవు. అక్కడ చంద్రుడి చుట్టూనే తిరిగే నావిగేషన్ ఉపగ్రహాలు కావాలి. ఐరోపా అంతరిక్ష సంస్థ మూన్‌లైట్ పేరుతో తలపెట్టినది అటువంటి వ్యవస్థే.