డయాలసిస్ మీద ఉన్న పిల్లల గుండె బలానికి ఏ సప్లిమెంట్ వాడాలి?

మీ బాబుకు ఎనిమిదేళ్లని, డయాలసిస్ మొదలై మూడు నెలలైందని, ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె గోడ మందమైందన్నారని, చుట్టాలు తలా ఒక డబ్బా పేరు చెబుతున్నారని రాశారు. నేను మాత్రం ఏ డబ్బా పేరూ చెప్పను. మా పాప నాలుగేళ్లు డయాలసిస్ మీద ఉంది. ఈ పిల్లల విషయంలో ఏం ఇచ్చామన్నది తర్వాత, ఎప్పుడిచ్చాం, ఏం మానిపించాం అన్నదే అసలు లెక్క.

మా సంగతి వినండి. పాపకు రక్తపరీక్షలో ఫాస్ఫరస్ 7.8 వచ్చింది. ఆ వయసుకు 6 దాటకూడదన్నారు. డాక్టరు క్యాల్షియం మాత్ర రాశారు, రోజుకు మూడు. క్యాల్షియం అంటే ఎముకలకే కదా అనుకున్నాను. పొద్దున పళ్లు తోమగానే ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, పడుకునే ముందు ఒకటి. ఒక్క పూట తప్పలేదు, క్యాలెండర్ మీద టిక్కులు కూడా పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి 7.9. డాక్టరు మోతాదు పెంచారు. ఆపై నెల 8.1. "ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు కాస్త విసుగ్గా. పెట్టేదంతా వాళ్లిచ్చిన చార్టు ప్రకారమే. ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు మిషన్ దగ్గర ట్యూబులు సర్దుతూ ఒక నర్సు, "మాత్ర భోజనంతోనే వేస్తున్నారుగా?" అంది. "లేదండీ, పడుకునే ముందు" అన్నాను. ఆవిడ పని ఆపి, ట్రేలో నాలుగు చుక్కల నీళ్లు పోసి, దూది ఉండ అద్దింది. నీళ్లన్నీ పీల్చేసింది. పొడిగా ఉన్న చోట ఇంకో ఉండ పెట్టి, "ఇదేం పీలుస్తుంది చెప్పండి?" అంది.

అప్పుడు వెలిగింది నాకు. మా పాపకు ఆ మాత్ర రాసింది ఎముకల కోసం కాదు. తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టుకుని మలంతో బయటికి పంపడానికి. ఖాళీ కడుపున వేస్తే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు, పైగా ఆ క్యాల్షియం ఒంటికెక్కుతుంది. ఫాస్ఫరస్, క్యాల్షియం రెండూ ఎక్కువై ఏళ్ల తరబడి అలాగే ఉంటే రక్తనాళాల గోడల్లో సున్నంలా పేరుకుంటాయి. ఈ పిల్లల గుండెకు చేటు వచ్చే దారుల్లో ఇదొకటి. ఆ రోజు నుంచి ముద్దల మధ్యలో మాత్ర నమిలించాను. నెలకు 6.3, ఆ తర్వాత 5.6. మాత్ర అదే, వేళ మారిందంతే.

చీటీ మీద "భోజనం మధ్యలో" అని రెండు ముక్కలు రాస్తే ఏం పోయేది? మందుల షాపులో అడిగితే "ఎప్పుడైనా వేయొచ్చమ్మా, క్యాల్షియమే కదా" అన్నారు. ఆ "క్యాల్షియమే కదా" గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక డబ్బాల సంగతి. మామూలు మల్టీవిటమిన్లలో విటమిన్ ఎ ఉంటుంది. కిడ్నీలు పనిచేయకపోతే అది ఒంట్లోనే పేరుకుపోతుంది. డయాలసిస్‌లో కొట్టుకుపోయేవి బి విటమిన్లు, ఫోలిక్ యాసిడ్, విటమిన్ సి లాంటివి. వాటికి కిడ్నీ రోగుల కోసమే చేసిన మాత్రలున్నాయి, అవసరమైతే డాక్టరే రాస్తారు. విటమిన్ డి రక్తపరీక్ష చూసి ఇవ్వాల్సిందే, ఎక్కువైతే మళ్లీ క్యాల్షియం గోలే. బలానికని అమ్మే పౌడర్లలో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఉండొచ్చు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో కలిపేది పొటాషియం క్లోరైడే! డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాలు, అందులోనూ ఫాస్ఫరస్ ఎంతో చాలామంది వేయనే వేయరు. కలిపినవాటి జాబితాలో ఏ పేరు చివరైనా "ఫాస్ఫేట్" కనిపిస్తే చాలు, నేను తిరిగి అక్కడే పెట్టేస్తాను. అలా విడిగా కలిపింది గింజల్లో సహజంగా ఉండేదానికంటే చాలా ఎక్కువగా ఒంటికి పడుతుంది.

చేపనూనె మేమూ ఆరు నెలలు వాడాం. ఎకోలో ఏ మార్పూ లేదు, పాప నోరు మాత్రం వాసన కొట్టేది.

నన్నడిగితే ఈ పిల్లల గుండెకు మొదటి మందు ఉప్పు తగ్గించడమే. ఉప్పు తింటే దాహం, తాగితే నీరు, ఆ నీటి బరువంతా గుండే మోయాలి, బీపీ పెరుగుతుంది, గోడ మందమవుతుంది. మా పాప ఒక డయాలసిస్‌కీ ఇంకోదానికీ మధ్య కిలోన్నర పెరిగేది. ఉప్పు కట్టడి చేశాక కిలో లోపే. ఏడాదికి బీపీ మాత్ర ఒకటి తగ్గింది, ఎకోలో గోడ కూడా పలచబడింది. ఇంజెక్షన్లతో రక్తం పట్టడం కూడా కారణమని డాక్టరంటారు. అవునేమో గానీ, నా ఓటు ఉప్పుకే. అలాగని అందరికీ ఇదే పనికిరాదు. కొందరు పిల్లలకు మూత్రంలో ఉప్పు పోతూ ఉంటుంది, వాళ్లకు డాక్టర్లే ఉప్పు ఎక్కువ ఇమ్మంటారు. కట్టడి పేరుతో పిల్లాడి కడుపు మాడ్చకండి కూడా. కేలరీలు చాలకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. నోటితో తినలేకపోతే ట్యూబు ద్వారా పెడతారు, దానికి భయపడక్కర్లేదు.

చుట్టాలిచ్చిన డబ్బాల వెనకవైపు ఫొటోలు తీసి మీ డైటీషియన్‌కు పంపండి. ఇంకోటి, మీరు ప్రశ్న చివర్లో "క్యాల్షియం మాత్ర రోజూ రాత్రి పడుకునేటప్పుడు వేస్తున్నాం" అని రాశారు. అది చూసే ఇంత రాశాను. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, ఆ మాత్ర ఏ పని కోసం రాశారో, ఎప్పుడు వేయాలో అడగండి.