టెక్ సందేహాలు: ఒక కన్ను తెరవనంటున్న కారు

సందేహం: నమస్తే అండీ. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పాత కార్ల మీద ఇష్టంతో 1994 మజ్దా మియాటా కొన్నాను. దీని హెడ్‌లైట్లు మామూలప్పుడు మూత కింద పడుకుని ఉంటాయి, స్విచ్ వేస్తే మోటార్ల సాయంతో పైకి లేస్తాయి. పదిహేను రోజులుగా లైట్ల స్విచ్ వేస్తే ఎడమ హెడ్‌లైటు లేస్తోంది, కుడిది లేవట్లేదు. లోపల దీపం మాత్రం వెలుగుతోంది, మూత సందులోంచి కనిపిస్తోంది. కారు లోపాలు చదివే బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్లో చూద్దామంటే దాన్ని గుచ్చే సాకెట్టే దొరకలేదు. మోటారు మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. ఇంట్లో చేసుకోగలనా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. మోటారు కొనేముందు ఒక శనివారం దీనికి కేటాయించండి.

ముందు స్కానర్ సంగతి. అమెరికాలో ఆ స్కానర్ గుచ్చే ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. మీది అంతకు ముందుది. సాకెట్ ఉన్నా ఉపయోగం లేదు, ఈ హెడ్‌లైట్లు లేచాయో లేదో ఇంజిన్ కంప్యూటర్‌కు తెలియదు. ఇక్కడ పనికొచ్చేవి మీ చెయ్యి, చెవి, ఒక మల్టీమీటర్.

ఒక లైటు లేస్తోందంటే రెండు మోటార్లకూ కరెంటిచ్చే రిట్రాక్టర్ (లైట్లను లేపి దించే) ఫ్యూజు బాగానే ఉన్నట్టు. లైట్ల స్విచ్ ఆపి, బానెట్ కింద ఉన్న ఆ 30 ఆంపియర్ల ఫ్యూజు లాగేసి జేబులో పెట్టుకోండి. ఈ ఒక్క పని మాత్రం మరిచిపోవద్దు. మోటారు ఉన్నట్టుండి తిరిగితే, దాన్ని లైటుకు కలిపే లింకు రాడ్డులో చిక్కి వేలు నలిగిపోతుంది.

ఇప్పుడు కుడి మోటారు దగ్గర రబ్బరు టోపీ తీస్తే చేత్తో తిప్పే గుబ్బ కనిపిస్తుంది. 1936లో వచ్చిన కార్డ్ 810 అనే కారులో డ్రైవరు డ్యాష్‌బోర్డు దగ్గరి హ్యాండిళ్లు తిప్పి దీపాలు లేపుకునేవాడు. మియాటా ఇంజినీర్లు కూడా మోటారు మొరాయించిన రాత్రికి చేతి దారి ఒకటి ఉంచారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. గుబ్బను బాణం గుర్తు వైపు తిప్పండి. చాలా చుట్లు తిప్పాలి, ఓపిక పట్టండి. లైటు మెత్తగా లేస్తే గేర్లు, రాడ్లు బాగున్నాయి, లోపం కరెంటులో ఉంది. బిగుసుకుపోయి ఉంటే కీళ్లలో తుప్పు. గుబ్బ తిరుగుతున్నా లైటు కదలకపోతే లోపల పళ్లు అరిగాయి, లేదా రాడ్డు ఊడింది.

మెత్తగా లేచిందనుకుందాం. ఫ్యూజు మళ్లీ పెట్టి, చేతులు రాడ్డుకు దూరంగా ఉంచి, ఇంట్లో ఒకరిని స్విచ్ వేయమనండి. మీరు మోటారు ఒంటి మీద స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. కదిలితే లోపల కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగిపోయాయి లేదా ఇరుక్కున్నాయి. కదలకపోతే కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ నల్ల వైరు కారు ఇనుముకు, ఎర్రది ఒక్కో పిన్నుకు పెట్టి చూడండి. ఎక్కడా 12 వోల్టుల దరిదాపుల్లో రాకపోతే తప్పు వైరింగ్‌లోనో, మోటారుకు కరెంటు కలిపే రిలేలోనో ఉంది. అప్పుడు కొత్త మోటారు కొన్నా అదీ లేవదు.

కరెంటు వస్తోందా? అయితే మోటారు విప్పుదాం. ఫ్యూజు మళ్లీ తీయండి. బ్యాటరీ వైరు కూడా తీస్తే మంచిది, అది ఈ కారులో డిక్కీలో ఉంటుంది. మోటారు ఇరుసు మీది చేయి (లింకు రాడ్డును కదిపే కడ్డీ) ఏ కోణంలో ఉందో, నట్టు విప్పకముందే మార్కర్‌తో గీత గీసి ఫొటో తీసుకోండి. ఈ మోటారు ఒకే వైపు తిరుగుతుంది: సగం చుట్టులో లైటు లేస్తుంది, మిగతా సగంలో పడుకుంటుంది. చేయి తప్పు కోణంలో బిగిస్తే లేవాల్సినప్పుడు పడుకుంటుంది.

మూత తెరిస్తే ఒక పళ్ల చక్రం, దాని మీద ఇత్తడి రంగు రేకు, రేకు మీద రాసుకుంటూ తిరిగే చిన్న కాంటాక్టులు కనిపిస్తాయి. ఎక్కడ ఆగాలో మోటారుకు చెప్పేది ఆ రేకే. వైపర్లు ఎప్పుడు ఆపినా అద్దం అంచుకు వచ్చి ఆగేది కూడా ఇదే పద్ధతిలో. నేను విప్పినదాంట్లో గ్రీజు ఎండి, గోధుమ రంగు మైనంలా రేకును కప్పేసింది. గోటితో గీరితే పొరగా లేచింది, కింద పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, సన్నటి ఎమరీ పేపర్‌తో రెండు మూడుసార్లు రుద్దితే మెరుపు వచ్చింది. కాంటాక్టులను మాత్రం వంచకండి. పళ్లకు తెల్ల లిథియం గ్రీజు పూసి, మూత అంచున సన్నగా సిలికాన్ వేయండి. నీళ్లు చొరబడకపోతే చిలుము మళ్లీ పట్టదు. ఆగకుండా లేస్తూ పడుతూ ఉండే మియాటా లైట్లకు కూడా చాలాసార్లు ఈ రేకు మురికే కారణం.

ఇంత చేసినా కదలకపోతే అప్పుడు మోటారు కొనండి. మెకానిక్‌ది తప్పని అనను. గంటకింత అని తీసుకునేవాళ్లకు శుభ్రం చేయడం కన్నా మార్చడమే కలిసొస్తుంది. మీ సమయం మీది.

సందేహం: మాది 1990 కార్వెట్ కారు, దీనివీ లేచే లైట్లే. లైట్లు లేచాక కూడా ఒక మోటారు కాసేపు గుర్రుమంటూనే ఉంటుంది. ఇదీ అదే జబ్బా? (అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాదమ్మా, ఇది వేరు. కార్వెట్ మోటారులో గేరుకు, ఇరుసుకు మధ్య కుదుపు తట్టుకోవడానికి చిన్న ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి బెల్లం పొడిలా రాలిపోతాయి. పట్టు పోయి మోటారు ఊరికే తిరుగుతుంది. విప్పి, ఆ పొడి అంతా ఏరేసి, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు వేస్తే సరి. గేరు పళ్లు కూడా అరిగి ఉంటే ఇత్తడి గేరు తెప్పించుకోండి. ఆలస్యం చేయకండి, వృథాగా తిరిగేకొద్దీ మోటారు వేడెక్కి కాలిపోతుంది.

ఫ్రిస్కో పాఠకుడే ఎల్‌ఈడీ దీపాలు పెట్టొచ్చా అని కూడా అడిగారు. మియాటాది 7 అంగుళాల గుండ్రటి దీపం, మన బుల్లెట్ బండిదీ అదే సైజు, అందుకే రకాలకు కొదవ లేదు. అమెరికా రోడ్లకు అనుమతి ఉన్నదే తీసుకోండి. వెనక బరువైన హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) ఉన్నది వద్దు, ఆ బరువంతా ముప్పై ఏళ్ల మోటారు మోయాలి. మంచు కురిసే రాత్రి డ్యాష్‌బోర్డు మీది బటన్‌తో లైట్లు లేపి ఉంచండి. మూత గడ్డకట్టి అతుక్కున్నాక లేపాలని చూస్తే, మీరు బాగుచేసిన మోటారే మళ్లీ పోతుంది.