బట్లర్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మొదటి పేజీ నిండా పదవులూ బహుమతులే: 1975లో అమెరికా జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థకు తొలి డైరెక్టర్, 1976లో పులిట్జర్, 1982లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ వైద్య కళాశాలలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక విభాగం. అన్నీ నిజాలే. కానీ ఆ పేజీ అయిపోయేసరికి కూడా మనిషి నా కళ్లకు కట్టలేదు.

ఆయన బాల్యాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగి రాయాలమ్మా. న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్‌లో కోళ్లఫారం నడుపుకునే తాతా అమ్మమ్మల దగ్గర పెరిగాడు. ఏడేళ్లప్పుడు తాత పోయాడు. ఆర్థిక మాంద్యంలో ఫారం చేజారింది. ఆ తర్వాత తలదాచుకున్న హోటల్ కాలిపోయింది. ఇన్ని దెబ్బలు తిని కూడా అమ్మమ్మ మళ్లీ మళ్లీ నిలదొక్కుకోవడం ఆ పిల్లాడు కళ్లారా చూశాడు. అలాంటివాడు డాక్టరీ చదువుకెళ్తే, అక్కడ ముసలి రోగులంటే అంతా చులకనే.

1950లలో ఆయన అమెరికాలోని బెథెస్డాలో ఆరోగ్యవంతులైన వృద్ధుల మీద జరిగిన పరిశోధనలో పనిచేశారు. అంతకుముందు చాలామంది పరిశోధకులు ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో మంచాన పడ్డవాళ్లను చూసి వృద్ధాప్యమంటే ఇదేనని తేల్చేసేవారు. వయసు మీద తోసేసిన లోపాల్లో చాలావరకు జబ్బుల వల్ల వచ్చినవేనని ఆ పరిశోధనలో బయటపడింది.

పెద్దవాళ్లు పాత సంగతులే తవ్వుకుంటుంటే, మతి సడలిందని వైద్యులు కొట్టిపారేసే కాలమది. బట్లర్ కూర్చుని విన్నారు. చావు దగ్గరపడుతోందని తెలిసిన మనిషి బతుకంతా తిరగేసుకుని, తెగని పీటముళ్లు విప్పుకోవడానికి చేసే ప్రయత్నమది అని 1963లో రాశారు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. దీన్ని మూడో పేజీలో ఎందుకు దాచావు?

ఆల్జీమర్స్ సంగతీ అంతే. మతిమరుపు ముసలితనంలో మామూలేనని వదిలేసే రోజుల్లో దాన్ని జబ్బుగా చూడాలని పట్టుబట్టి, తాను నడిపిన వృద్ధాప్య పరిశోధన సంస్థ పనుల్లో ముందువరసలో పెట్టారు. ఫలానా జబ్బని పేరు పెట్టి అడిగితేనే ప్రభుత్వం నిధులిస్తుందని ఆయన గ్రహించారు. ఆ లౌక్యం కూడా రాయి. గొప్పవాడి గౌరవానికి భంగమని జంకకు.

మీ అమ్మమ్మను ఇందులోకి తేవచ్చా అని అడిగావు. ముందు ఆవిడనే అడుగు. ఒప్పుకుంటే, చెప్పేదంతా అడ్డురాకుండా విని, ఆవిడ మాటల్లోనే రాయి. 2010లో, 83 ఏళ్ల వయసులో బట్లర్ కన్నుమూసిన ఘట్టాన్ని చక్కగా రాశావు, దాని జోలికి పోకు. మిగతాది తిరగరాసి పంపు.