బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి విశాఖలో మొదటి ఉద్యోగం ఎలా?

బీఎస్సీ కెమిస్ట్రీ అయి రెండేళ్లయింది, ఉండేది మధురవాడ, ఫార్మా ఇంటర్వ్యూల్లో అనుభవం లేదని పంపేస్తున్నారు, రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకోరు, ఇక బ్యాంకు కోచింగ్‌లో చేరిపోనా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో ఇంకో ఏడాది కూర్చుంటే రెజ్యూమేలో ఇంకో ఏడాది ఖాళీ కనబడుతుంది. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం కంపెనీల క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) విభాగాల్లో మీ డిగ్రీకి చోటుంది. ఫ్రెషర్లనూ తీసుకుంటారు. కాకపోతే కాలేజీలో టైట్రేషన్లతోనే సరిపెట్టేస్తారు, ఇంటర్వ్యూలోనేమో హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) గురించి అడుగుతారు. చాలామంది అమ్మాయిలు ఆగిపోయేది అక్కడే, అది వాళ్ల తెలివితక్కువ కాదు.

అందుకే ఇంటర్వ్యూకు ముందు ఇవి తెలుసుకోండి. హెచ్‌పీఎల్‌సీలో మొబైల్ ఫేజ్‌ను, అంటే పంపు తోసే ద్రావణాన్ని, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, సోనికేటర్‌లో పెట్టి గాలి తీస్తారు. తీయకపోతే పంపులో బుడగలు చేరి ప్రెషర్ నిలబడదు, రిటెన్షన్ టైమ్ (పదార్థం కాలమ్ అనే విడదీసే గొట్టం నుంచి బయటికొచ్చే సమయం) అటూ ఇటూ అవుతుంది. బఫర్ (లవణాలు కలిపిన ద్రావణం) వాడిన కాలమ్‌ను నేరుగా మెథనాల్‌తో కడిగితే లవణాలు లోపలే గడ్డకడతాయి. అందుకే ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న ద్రావణంతో కడిగి, తర్వాతే మెథనాల్ పంపాలి. స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన నమూనా) ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే పీక్ ఏరియా ఆర్‌ఎస్‌డీ, అంటే ఆ ఆరు ఫలితాల మధ్య తేడా, మామూలుగా 2 శాతం దాటకూడదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో తప్పు పడితే వైట్‌నర్ పూయరు, అంకె మీద అంకె దిద్దరు. పాతది చదవగలిగేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ వేస్తారు. డేటా దిద్దితే కంపెనీకే ముప్పు కాబట్టి ఈ సంగతి తప్పకుండా అడుగుతారు.

అనుభవం కావాలంటే నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా నమోదు చేసుకోండి. బీఎస్సీ, బీకామ్ వాళ్లకూ అవకాశం ఉంది. నమోదుతోనే పని అయిపోదు, కంపెనీ ఖాళీలు చూసి విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు దరఖాస్తు ఎక్కువగా ఇక్కడే ఆగుతుంది. శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు గానీ సర్టిఫికెట్ మాత్రం పనికొస్తుంది.

షిఫ్టుల సంగతి హెచ్‌ఆర్‌ను సూటిగా అడగండి. మీ సమ్మతి లేకుండా రాత్రి డ్యూటీ వేయకూడదు. క్యూఏ (నాణ్యత రికార్డులు చూసే విభాగం) డాక్యుమెంటేషన్ పని ఎక్కువగా పగలే ఉంటుంది. కంపెనీ బస్సు మధురవాడ దాకా రాకపోతే రోజూ ఊరు దాటి వెళ్లి రావడం చాలా కష్టం. గాజువాకలో గానీ కూర్మన్నపాలెంలో గానీ హాస్టల్ గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడండి.

డిపాజిట్ అడిగితే లేచి వచ్చేయండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూపించండి, వదిలి రాకండి. ఆఫర్ లెటర్ కంపెనీదా, కాంట్రాక్టర్‌దా అన్నది చేరకముందే తేల్చుకోండి. కాంట్రాక్టర్‌దైతే ఎక్స్‌పీరియన్స్ లెటర్ వాళ్ల పేరు మీదే వస్తుంది. అలాంటప్పుడు ల్యాబ్‌లో చేసే పని పేరు అందులో రాయించుకోండి, నెలనెలా పే స్లిప్, పీఎఫ్ యూఏఎన్ నంబర్ అడిగి తీసుకోండి.